భోజనశాల తలుపు చెప్పిన పాఠము

2020వ సంవత్సరము మార్చి 16వ తేదీ, సోమవారము, అపరాహ్ణము 3 గంటలు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమందలి భోజనశాలలు, పానశాలలు గవర్నరు గ్రెచెన్ విట్మర్ ఆజ్ఞచే అతిథులకు మూతపడినవి. ఆహారమును ఇంటికి కొనిపోవచ్చును; అచట కూర్చుండి భుజింపరాదు. కోవిడ్ ఆ రాష్ట్రమున బయటపడి అప్పటికి ఆరు దినములే యైనది.

ఆజ్ఞకు కారణము స్పష్టమే. అంగడిలో ముఖమునకు గుడ్డ కట్టుకొని సరకులు కొనవచ్చును. ముసుగుతో ముద్ద నోట బెట్టుకొనుట యెట్లు? మూసిన గదిలో చాలసేపు కూర్చుండి, సందడిలో గొంతెత్తి మాటలాడు చోట ఈ వ్యాధి గాలిద్వారా సులభముగ వ్యాపించును.

కాని ఆ తలుపుల వెనుక మనుష్యులున్నారు. నాడు ఆ రాష్ట్రమున సామాన్య కార్మికుని కనీస వేతనము గంటకు 9.65 డాలర్లు. టిప్పులు పుచ్చుకొను వడ్డనవానికి యజమాని 3.67 డాలర్లిచ్చిన చాలును. తక్కినది అతిథి చేతి చలువ. అతిథియే రానినాడు ఆ చలువ యెక్కడిది? ఒకవంక రోగభయము, వేరొకవంక ఆకలిభయము. రెండును నిజమైన భయములే.

జూన్ 8 నాటికి రాష్ట్రమంతట సగము ఆసనములతో, బల్లల నడుమ ఆరడుగుల ఎడముతో భోజనశాలలు తెరువబడినవి. జూలై 1న, రాబడిలో 70 శాతమునకు మించి మద్యమువలననే పొందు పానశాలలలో లోపల కూర్చుండుట అధిక ప్రాంతమున మరల నిషిద్ధమైనది.

అక్టోబరు 2న రాష్ట్ర సుప్రీంకోర్టు కలుగజేసుకొనినది. గవర్నరు ఆధారముగ గొన్న 1945 నాటి చట్టము శాసనసభకు చెందిన అధికారమును ఆమెకు ధారపోయుచున్నదనియు, కావున రాజ్యాంగ విరుద్ధమనియు ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు తీర్పు చెప్పిరి. అంతట ఆరోగ్యశాఖ ప్రజారోగ్య చట్టము క్రింద తన ఉత్తరువులు వెలువరించెను. నవంబరు 18న లోపలి భోజనము మరల నిలిచినది. 2021 ఫిబ్రవరి 1న నాలుగవవంతు ఆసనములతో మొదలైనది. జూన్ 22న ఆంక్షలు తొలగినవి.

పౌరశాస్త్రమున 'అధికార విభజన' యను పాఠము బాలురకు శుష్కముగ తోచును. ఆ పాఠమే ఇచట భోజనపు బల్లయొద్దకు నడచివచ్చినది. ప్రాణరక్షణకై తలుపు మూయుట తప్పు గాదు. అయితే మూయుమను హక్కు ఎవరిది, ఎంతకాలము, పని పోయినవాని పొయ్యి వెలుగుట ఎట్లు అని అడుగుటయు తప్పు గాదు. ఆజ్ఞను పాటించుచునే ఆ ప్రశ్నల నడుగ నేర్చినవాడే పౌరుడు.