పది పెట్టలకు ఒక్క పుంజు

నాలుగో నెల దాటాక ఒక తెల్లవారుజామున పెరట్లోంచి గొంతు పగిలిన కూత వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. వారం తిరక్కుండానే ఆ కూతలు నాలుగవుతాయి, ఆరవుతాయి. నిన్నటిదాకా ఒకే తట్టలో నూకలు తిన్న పిల్లలు మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఒకదానిపై ఒకటి దూకుతాయి. జుట్లు చీరుకుపోయి నెత్తురు కారుతుంది. పెట్టలేమో గూట్లోంచి కిందికి దిగడానికే జంకుతాయి. గుడ్ల కోసమని తెచ్చిన ఇరవై పిల్లల్లో తొమ్మిదో పదో పుంజులేనని అప్పుడుగానీ తెలియదు.

పెరటి కోళ్లు మళ్లీ ఇళ్లకు చేరుతున్నాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని మొత్తం కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షులు 85 కోట్లు. వాటిలో 31.7 కోట్లు పెరట్లో పెరిగేవే. 2012తో పోలిస్తే ఈ పెరటి లెక్క దాదాపు 46 శాతం పెరిగింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గూడు గురించి అడుగుతారు, మేత గురించి అడుగుతారు, టీకాల గురించి అడుగుతారు. పుంజులెన్ని అని మాత్రం అడగరు. మంద ప్రశాంతంగా ఉంటుందా, రణరంగమవుతుందా అన్నది చాలావరకు తేలేది అక్కడే.

గుడ్డుకు పుంజుతో పనిలేదు

పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదన్న నమ్మకం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. అది నిజం కాదు. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. పుంజు ఉన్నా లేకపోయినా ఆ పని సాగుతూనే ఉంటుంది. దుకాణంలో అట్టల్లో పేర్చి అమ్మే గుడ్లు పెట్టే ఫారాల్లో వేల కోళ్లుంటాయి, పుంజులు ఉండవు.

గుడ్ల రాకను నిర్ణయించేవి వయసు, మేత, వెలుతురు. కోడి బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు 11 గంటలే. చలికాలంలో గుడ్లు తగ్గితే నేరం పుంజుది కాదు, పొద్దుది.

పుంజు అవసరమయ్యేది పిల్లలు కావాలనుకున్నప్పుడే. పుంజు తొక్కిన పెట్ట ఆ బీజాన్ని లోపలి సన్నటి గొట్టాల్లో దాచుకుని రెండు వారాల వరకు పొదిగే గుడ్లు పెట్టగలదు. గుడ్డు పగలగొట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పచ్చసొన మీద ఉత్త తెల్ల చుక్క ఉంటే అది వట్టి గుడ్డు. చుక్క చుట్టూ గుండ్రంగా సన్నటి వలయం ఉంటే పిల్లకు పనికొచ్చే గుడ్డు.

వీపు చూస్తే లెక్క తెలుస్తుంది

ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుందన్నది పెంపకందార్ల అనుభవం. మూడు నాలుగు పుంజులున్న చిన్న పెరట్లో భారమంతా పెట్టల మీదే పడుతుంది. పుంజు పెట్టను తొక్కేటప్పుడు ముక్కుతో మెడ వెనక ఈకలు పట్టుకుని, కాళ్లతో వీపు మీద నిలబడుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లయితే పెట్టకు ఇబ్బంది లేదు. పదే పదే జరిగితే ముందు మెడ మీద ఈకలు ఊడతాయి, తర్వాత వీపు బోసిపోయి ఎర్రటి చర్మం బయటపడుతుంది. ముదురు పుంజు కాలి వెనక ముల్లు తగిలితే రెక్క కింద పక్కటెముకల దగ్గర చర్మం చీలుతుంది. పైన ఈకలు కప్పేయడంతో ఆ గాయం రోజుల తరబడి బయటికి కనిపించదు. నెత్తురు కంటబడితే మిగతా కోళ్లు అదే చోట పొడుస్తాయి.

అందుకే వారానికోసారి, చీకటి పడి కోళ్లు మత్తుగా ఉన్నప్పుడు, ఒక్కో పెట్టను చేతిలోకి తీసుకుని రెక్కలెత్తి చూడాలి. గాయపడినదాన్ని వేరే గంప కింద పెట్టి, పుండు శుభ్రం చేసి, ఈగలు వాలకుండా కాపాడాలి. అది మానేదాకా పుంజు దాని దగ్గరికి వెళ్లకూడదు.

పెద్దరికం పొడుపుతోనే

కోళ్లలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న వరస ఉంటుంది. దాన్ని శాస్త్రానికి పరిచయం చేసింది నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డరప్ ఎబ్బే. చిన్నతనం నుంచీ పెరటి కోళ్లను గమనిస్తూ, ఏది దేన్ని పొడుస్తుందో రాసిపెట్టుకున్న ఆయన 1921లో ఆ పరిశీలనను ప్రచురించారు. పెట్టలకు తమలో తమకు ఒక వరస, పుంజులకు ఇంకో వరస. కొత్త కోడిని తెచ్చి పట్టపగలు మధ్యలో వదిలితే ఆ వరస అంతా చెదిరి, మళ్లీ మొదటినుంచి పోట్లాటలు జరుగుతాయి. ముందు రెండు మూడు వారాలు దూరంగా ఉంచి జబ్బేమీ లేదని తేల్చుకోవాలి. తర్వాత కొన్నాళ్లు మధ్యలో వల కట్టి ఒకదానికొకటి కనిపించేలా పెంచి, ఒక రాత్రి దండెం మీద కూర్చోబెడితే గొడవ చాలావరకు తగ్గుతుంది.

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఏ పుంజు ముందు కూయాలన్నదీ ఈ వరసే తేలుస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. మందలో పెద్ద పుంజు ముందు కూస్తుంది. మిగతావి తమ వంతు వచ్చాకే గొంతెత్తుతాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదటి కూతను అందుకుంటుంది. పెరట్లో ఏ పుంజుది పైచేయో తెలుసుకోవాలంటే తెల్లవారుజామున మెలకువగా ఉండి వింటే చాలు.

ఉంచాల్సిన పుంజు ఏది?

చాలామంది ఎత్తు చూసి, రంగు చూసి పుంజును ఉంచేస్తారు. చూడాల్సింది నడవడిక. మంచి పుంజుకు పురుగు దొరికితే తాను మింగదు. ముక్కుతో ఎత్తి కింద పడేసి, మళ్లీ ఎత్తి, గొంతులో టక టక శబ్దం చేస్తూ పెట్టల్ని పిలుస్తుంది. ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పిలుపును ఏళ్లపాటు పరిశీలించారు. పెద్ద పుంజు వింటే మీద పడుతుందన్న భయంతో చిన్న పుంజులు ఒక్కోసారి గొంతు విప్పకుండా తల ఊపుతూ పెట్టల్ని పిలుస్తాయని గమనించారు. ఆకాశంలో గద్ద కనిపిస్తే పుంజు పెట్టే కేక ఒకటి, నేల మీద ముంగిసో కుక్కో వస్తే పెట్టే కేక ఇంకొకటి. మొదటి కేకకు పెట్టలు పొదల కింద నక్కుతాయి, రెండో కేకకు నిటారుగా నిలబడి చుట్టూ చూస్తాయి.

మనుషుల మీదికి, ముఖ్యంగా పసిపిల్లల మీదికి ఎగిరే పుంజును ఎంత అందంగా ఉన్నా ఉంచకూడదు. దాని ముల్లు, ముక్కు లేచేది పిల్లల మొహం ఎత్తుకే.

జాతి సంగతీ ముందే ఆలోచించాలి. ఆంధ్ర ప్రాంతపు అసీల్ పుంజు ఠీవి చూడముచ్చటగా ఉంటుంది గానీ, పోట్లాట దాని రక్తంలోనే ఉంది. ఎదిగిన రెండు అసీల్ పుంజులు ఒకే పెరట్లో ఇమడవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను రూపొందించింది. ఇవి సంకర రకాలు. వనరాజా పుంజును ఉంచుకుని గుడ్లు పొదిగిస్తే, వచ్చే తరం పిల్లల్లో తల్లిదండ్రుల ఎదుగుదల, గుడ్ల సంఖ్య అలాగే రావు. వాటి విషయంలో ప్రతిసారీ కొత్త పిల్లల్ని తెచ్చుకోవడమే మేలు. పొదిగే పెట్ట, దాని వెంట తిరిగే పిల్లలు కావాలనుకుంటే నాటుకోడినే ఎంచుకోవాలి.

మిగిలిన పుంజుల మాట

హేచరీలో ఆడ మగ వేరు చేయకుండా కలిపి అమ్మే పిల్లల్లో సుమారు సగం పుంజులే ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో జుట్టు పెద్దదై ఎర్రబడటం మొదలైనవి పుంజులని అనుమానించవచ్చు. మూడో నెలకు నడుం మీద సన్నగా, మొన తేలి వేలాడే ఈకలు వస్తాయి. అప్పుడిక సందేహం ఉండదు. కూతలు, పోట్లాటలు మొదలుకాకముందే ఉంచేదేదో, అమ్మేదేదో, కూరకేదో నిర్ణయించుకోవాలి. ఆ వయసులో నాటు మాంసానికి గిరాకీ కూడా బాగుంటుంది. అమ్మకం ఆలస్యమైతే పుంజులన్నిటినీ పెట్టలు కనిపించనంత దూరంలో ఒకే దొడ్లో ఉంచవచ్చు. పెట్టలు ఎదురుగా లేకపోతే కలిసి పెరిగిన పుంజులు తక్కువగా కొట్టుకుంటాయి. బరిలోకి దింపేందుకు కొనడానికి వచ్చేవాళ్లకు మాత్రం అమ్మకూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కోడిపందేలను నేరంగా చూస్తుంది. కత్తి కట్టిన పుంజు కొన్ని నిమిషాల్లోనే ఎలా కూలిపోతుందో చూసినవాళ్లకు చట్టం చెప్పనక్కర్లేదు.

మేతలోనూ పుంజుకు, పెట్టకు తేడా ఉంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సున్నం పాలు ఎక్కువ. గుడ్డు పెట్టని పుంజు అదే దాణా ఏళ్ల తరబడి తింటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అన్నిటికీ మామూలు దాణా వేసి, నత్తగుల్లల పొడిని వేరే చిప్పలో పెడితే అవసరమైన పెట్టలే వచ్చి తింటాయి. కొక్కెర తెగులు టీకా మాత్రం పుంజు, పెట్ట తేడా లేకుండా మొదటి వారంలోనే పడాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పటిలాగా ఊళ్లో కోళ్లు హఠాత్తుగా చనిపోతుంటే, పెరటి కోళ్లను బయటికి వదలకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.

ఇక పొదుగుకొచ్చిన నాటుపెట్ట సంగతి. చీకటి మూలలో గంపలో వరిగడ్డి పరిచి, దాని కింద పది పన్నెండు గుడ్లు పెడతారు. ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చి వెలుతురుకు అడ్డంగా పెడితే, లోపల సాలెగూడులాగా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఇరవై ఒకటో రోజున పెంకు చిట్లి, తడి ముక్కు ఒకటి బయటికొస్తుంది. పెట్ట రెక్కల కిందనుంచి తలలు బయటపెట్టి చూస్తున్న ఆ పది పిల్లల్లో ఐదారు పుంజులే అయ్యుంటాయి. వాటి జుట్లు ఎర్రబడటానికి ఇంకా ఆరు నుంచి ఎనిమిది వారాల గడువుంది.