తూము గోడలో తీర్థంకరులు

భాగ్యనగరానికి పడమటి దిక్కున, ఉస్మాన్ సాగర్ తీరాన, చిలుకూరు బాలాజీ కోరిన కోర్కెలు తీర్చే దైవంగా పూజలందుకుంటున్నాడు. 11 ప్రదక్షిణలు చేసి మనసులోని మాట విన్నవించుకోవడం, అది నెరవేరిన పిదప 108 ప్రదక్షిణలతో మొక్కు చెల్లించుకోవడం ఇక్కడి ఆచారం. హుండీ లేని ఆలయమని కూడా ఈ క్షేత్రానికి పేరు. అయితే ఇదే చిలుకూరు వెయ్యేళ్లకు పూర్వం మరొక ధర్మానికి ప్రధాన కేంద్రంగా వెలుగొందిందని నిత్యం వచ్చిపోయే భక్తులలో ఎందరికి తెలుసు? ఆ సంగతిని నేటికి అందించినవి రాజప్రాసాదాలు కావు, తాళపత్రాలు కావు. పొరుగున ఉన్న ఎనికేపల్లిలో ఒక చెరువు తూము రాళ్లు.

నాలుగు ముఖాల స్తంభాలు

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని ఎనికేపల్లిలో 2023 జూలైలో పురావస్తు పరిశోధకులు డాక్టర్ ఈమని శివనాగిరెడ్డి రెండు చతురస్రాకార స్తంభాలను గుర్తించారు. ఒకటి నల్లసేనపు రాయి, మరొకటి నల్లరాయి. స్తంభానికి నాలుగు వైపులా ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు ధ్యానముద్రలో కొలువుదీరి ఉన్నారు. పైభాగాన కీర్తిముఖాల అలంకరణ. వీటితోపాటు తెలుగు-కన్నడ లిపిలో చెక్కిన రెండు శాసన ఫలకాలు కూడా వెలుగు చూశాయి. ఇవి 9, 10 శతాబ్దాల నాటివని పరిశోధకుల నిర్ణయం. శిథిలమైన జినాలయం నుంచి సుమారు నూరేళ్ల క్రితం ఈ రాళ్లను తెచ్చి చెరువు తూముకు అమర్చారని ఊరివారు చెప్పిన మాట.

ఆ రెండు శతాబ్దాలలో ఈ సీమను రాష్ట్రకూటులు, వారి సామంతులైన వేములవాడ చాళుక్యులు ఏలారు. వారి నీడలో జైనం పల్లవించింది. ఆదికవిగా కన్నడిగులు కొలిచే పంపకవి వేములవాడ ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానాన్ని అలంకరించినవాడే. ఆ కవి సోదరుడు జినవల్లభుడు నేటి కరీంనగర్ సమీపాన కుర్క్యాల బొమ్మలగుట్టపై వేయించిన శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. కొలనుపాకలో ఆదినాథునికి నేటికీ నిత్యపూజలు జరుగుతున్నాయి. ఎనికేపల్లి శాసనాలలో పైకి కనిపించిన భాగం చిలుకూరు జైన కేంద్రాన్ని ప్రస్తావించింది. కొలనుపాక ఆలయం నిలిచింది. ఇక్కడి బసదికి మాత్రం ఈ కొద్దిపాటి రాళ్లే సాక్ష్యం.

పరాయివారు కారు

ఈ స్తంభాలపైనున్న మూర్తులు మనకు అపరిచితులు కారు. జైనులు ఆదినాథునిగా కొలిచే ఋషభదేవుణ్ణి భాగవతం పంచమ స్కంధం శ్రీహరి అవతారంగా కీర్తించింది. నేమినాథుడు శ్రీకృష్ణునికి దాయాది సోదరుడని జైన సంప్రదాయం. ఆయన లాంఛనం శంఖం. పార్శ్వనాథుని శిరస్సుపై నాగఫణి ఛత్రమై నిలుస్తుంది. కీర్తిముఖం సంగతి సరేసరి. ఆకలికి తాళలేక, శివాజ్ఞను శిరసావహించి తన దేహాన్ని తానే భక్షించి ముఖం మాత్రం మిగుల్చుకున్న భూతం కథ మనకు సుపరిచితమే. అందుకు మెచ్చిన పరమేశ్వరుడు తన ఆలయ ద్వారాలపై దానికి శాశ్వత స్థానమిచ్చాడు. శివాలయమైనా జినాలయమైనా ఆ ముఖం ఒకటే. చెక్కిన ఉలి కూడా ఒకే సంప్రదాయానిది.

దేవాలయం తటాకాన్ని కాచింది

గుడి రాయి తూముకు చేరడం అపచారమా? తొందరపడి నిందించనక్కరలేదు. తనయుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం అనే సప్తసంతానాలలో చెరువుకూ గుడికీ సమానంగా చోటిచ్చిన సంస్కృతి మనది. తూము నిలిస్తే చెరువు నిలుస్తుంది. చెరువు నిలిస్తే ఆయకట్టు పండుతుంది. కూలిన ఒక సంతానం మరొక సంతానాన్ని నిలబెట్టిందన్నమాట. నేలపాలు కావలసిన రాళ్లు నూరేళ్లపాటు భద్రంగా ఉండటానికి ఆ తూమే ఆలంబన అయింది.

ఇటువంటి సన్నివేశం దేశాంతరంలోనూ ఉంది. తూర్పు రోమను సామ్రాజ్యపు రాజధానిలో, అంటే నేటి ఇస్తాంబుల్ నగరంలో, 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి భూగర్భంలో ఒక మహా జలాశయాన్ని నిర్మించాడు. దాని కప్పును మోసే 336 స్తంభాలలో అనేకం పాత రోమను కట్టడాలనుంచి తెచ్చినవే. రెండు స్తంభాల అడుగున సర్పకేశిని మెడూసా శిరస్సులున్నాయి. ఒకటి తలకిందులుగా, మరొకటి పక్కకు ఒరిగి ఉంటుంది. అక్కడివారు ఆ జలాశయాన్ని శుభ్రపరచి, దీపాలు పెట్టి, ప్రదర్శనశాలగా మార్చారు. నీటిలో నిలిచిన ఆ ముఖాలను చూడటానికి ప్రపంచం నలుమూలలనుంచి జనం వస్తున్నారు.

సగం మాట గోడలోనే

ఎనికేపల్లి శాసనాలను కనుగొన్ననాడు పూర్తిగా చదవడం సాధ్యపడలేదు. అక్షరాలు కొంత పైకి, కొంత గోడలోపలికి ఉండటమే అందుకు కారణం. వెయ్యేళ్లనాడు ఒక దాత పలికించిన మాటలో సగమే మన చెవిని పడిందన్నమాట. వీటిని భద్రపరచవలసిందని శివనాగిరెడ్డి నాడే గ్రామస్థులను కోరారు. ఆ పని నిపుణుల చేతులమీదుగా, తూముకు హాని కలుగకుండా జరగాలి. గునపం పోటు ఒక్కటి చాలు, మిగిలిన సగం మాట శాశ్వతంగా మూగబోవడానికి.

ప్రాచీన శిల్పాలకు ముప్పు శత్రువులవల్లే వస్తుందనుకోవడం పొరపాటు. భక్తితో పూసే రంగులు, సున్నం అక్షరాలను పూడ్చివేస్తాయి. నిధులున్నాయన్న దురాశ పునాదులను పెకలిస్తుంది. బట్టలుతికే బండగా, గొడ్డళ్లు నూరే రాయిగా మారిన శాసనాలెన్నో! జీర్ణోద్ధరణ నూతన నిర్మాణంకంటె పుణ్యప్రదమని పెద్దలంటారు. ఊరి తూము దగ్గర, రచ్చబండ దగ్గర అక్షరాలున్న రాయి కనబడితే దానిని కదిలించక, రంగు పూయక, పురావస్తు శాఖకు తెలియజేయడం కూడా జీర్ణోద్ధరణే.

బాలాజీకి ప్రదక్షిణ చేసే భక్తుడు ఈసారి ఒక్క క్షణం ఈ నేలకు కూడా నమస్కరించాలి. స్వామి వెలసిన ఈ నేల అంతకుముందే ఎందరో తపోధనుల పాదస్పర్శతో పునీతమైనది.

ఎలా వెళ్లాలి?

చేవెళ్ల, మొయినాబాద్ పట్టణాలు హైదరాబాద్-బీజాపూర్ రహదారిపై ఉన్నాయి. చిలుకూరుకు హైదరాబాద్‌లోని మెహిదీపట్నం నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. ఎనికేపల్లికి మొయినాబాద్ మీదుగా చేరుకోవచ్చు. గ్రామస్థుల అనుమతితో దర్శించి, శిల్పాలను తాకకుండా, పసుపు కుంకుమలు పూయకుండా నమస్కరించడమే వాటికి చేసే నిజమైన పూజ.