హద్దున్న చోటే ధ్యాస

గోడంత తెర. అందులో నలుపు తెలుపుల్లో మీ బొమ్మే కనిపిస్తుంటుంది. పైనుంచి రంగురంగుల అక్షరాలు వానలా రాలుతుంటాయి. మీరు అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ అవి జారిపోతూనే ఉంటాయి, ఒక్క మాటా ఏర్పడదు. చేతులు చాచి కదలకుండా నిలబడితే మాత్రం ఒక్కొక్క అక్షరమే వచ్చి చేతుల మీద వాలుతుంది. కాసేపటికి ఒక మాట, ఓపిక పడితే ఒక కవితా పంక్తి చదవగలుగుతారు. కమిల్ అట్టర్‌బ్యాక్, రోమీ అకిటువ్ కలిసి 1999లో రూపొందించిన ‘టెక్స్ట్ రెయిన్’ ఇది. వెనకాల ఉన్న కిటుకు చిన్నదే. కెమెరా మిమ్మల్ని చూస్తుంటుంది. రాలే ప్రతి అక్షరం కింద నలుపు ఉందా, వెలుగు ఉందా అని కంప్యూటర్ క్షణక్షణం చూసుకుంటుంది. నలుపు తగిలితే అక్షరం ఆగుతుంది, అది తొలగితే మళ్లీ రాలుతుంది.

చూసేవాళ్లు చెయ్యి కలిపితేనే పూర్తయ్యే ఇలాంటి పనిని ఇంటరాక్టివ్ డిజిటల్ ఆర్ట్ అంటున్నారు. సమాచారం ఎంత కురిసినా నిలబడ్డవాళ్లకే అర్థం దక్కుతుందన్న సంగతిని ఇది ఉపన్యాసంగా చెప్పదు, మన ఒంటికే తెలియజేస్తుంది.

ధ్యాస నిలవని ఈ బాధ స్మార్ట్‌ఫోన్‌తో పుట్టింది కాదు. సమాచారం పెరిగేకొద్దీ ధ్యాసకు కరువొస్తుందని హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నది ఆయనే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ 2004లో లెక్క కట్టినప్పుడు, మనిషి ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు చూపు నిలిపేవాడు. ఇటీవలి లెక్కల్లో అది 47 సెకన్లకు పడిపోయింది.

ఇందుకు పిల్లలనో, వాళ్ల క్రమశిక్షణనో తిట్టి లాభం లేదు. దినపత్రికకు చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు ఉంటుంది. ఫోన్‌లో కిందికి తోసేకొద్దీ కొత్తది వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ రూపొందించాడు. తర్వాత దానికి ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. ఆ పద్ధతి మన ముందు నుంచి తీసేసింది హద్దును. ఎక్కడ ఆగాలో చూపించే గుర్తు లేకపోతే ఎంతటి నిగ్రహం ఉన్నవాళ్లయినా కొట్టుకుపోతారు. అందుకే బెన్ గ్రాసర్ అనే కళాకారుడు 2021లో ‘మైనస్’ అనే సోషల్ నెట్‌వర్క్‌నే కళాకృతిగా కట్టాడు. అందులో ఎవరికైనా జీవితకాలానికి 100 పోస్టులే. లైకులు లేవు. ఇంకా ఎన్ని మిగిలాయో మాత్రం కనిపిస్తుంటుంది. ఏది చెప్పదగ్గదో ఆలోచించుకోక తప్పదు.

హద్దు గీసి ధ్యాసను నిలబెట్టే ఈ విద్య గోదావరి ఒడ్డున ఎప్పటి నుంచో ఉంది. కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా సాగే అడవి కోయల సీమ. వాళ్ల ఇలవేల్పులకు పడిగెలుంటాయి. పడిగె అంటే మూడు కోణాల గుడ్డ జెండా. దాని మీద వేల్పులు, మనుషులు, జంతువులు బొమ్మలై ఉంటాయి. ఒక గట్టు, అంటే ఒక గోత్ర సమూహం వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు, వలసలు, యుద్ధాలు అన్నీ ఆ ఒక్క గుడ్డలోనే. ఆ బొమ్మల కథలు పాడేవాళ్లు డోలీలు. వినేది దారిన పోయేవాళ్లు కాదు, ఆ వేల్పును కొలిచే ఇంటిపేర్ల వాళ్లు. కథ వాళ్లది, కొలుపు వాళ్లది. గుడ్డకు అంచుంది, పాటకు ముగింపుంది, పండగకు రోజుంది. ధ్యాస నిలవడానికి ఇంతకంటే ఏం కావాలి?

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పరంపరలోని డోలు కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ ఆయన గొంతులో కోయ భాషలోనూ తెలుగులోనూ పలికేవి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి గొంతు ఆగినప్పుడు దాచుకోవాల్సింది పాట ఒక్కటే కాదు, ఆ పాటను వినే తీరు కూడా.

పడిగెను ఫొటో తీసి, పాటను 30 సెకన్ల రీలుగా కోసి ఫోన్లలోకి వదిలితే దాన్ని కాపాడినట్టు కాదు, హద్దు లేని వానలో కలిపేసినట్టే. దానికి బదులు, భద్రాచలం ఐటీడీఏ గిరిజన మ్యూజియం లాంటి చోట పడిగె బొమ్మను పెద్ద తెర మీద వేయొచ్చు. ఒక బొమ్మ ముందు మనిషి నిలబడితే డోలీ గొంతులో ఆ బొమ్మ పాట మొదలవాలి, కదిలిపోతే ఆగాలి. పాట పూర్తిగా విన్నాకే పక్క బొమ్మ వెలగాలి. 1999లోనే సాధ్యమైన పని ఇది. ఇప్పుడు ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివే విద్యార్థుల దగ్గరున్న ల్యాప్‌టాప్, ఒక మామూలు కెమెరా చాలు. అయితే ఏ బొమ్మ చూపాలో, ఏ పాట బయట వినిపించకూడదో తేల్చాల్సింది ఆ గట్టు పెద్దలు, డోలీలే. వాళ్ల అనుమతి, వాళ్లకు తగిన ప్రతిఫలం లేకుండా మొదలుపెట్టకూడదు.

యంత్రం ధ్యాసను చెదరగొట్టగలదు, నిలబెట్టనూ గలదు. దాన్ని ఏ పనికి పెడతామన్నది తయారుచేసేవాళ్ల చేతిలో ఉంది. మన పిల్లలు ఆ తయారుచేసేవాళ్లలో ఉండాలి. హద్దు గీయడం ఎలాగో వాళ్లు డోలీల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.