ఓర్వకల్లులో ఎక్కితే విశాఖకు ఎంతసేపు?

మన పక్క విమానాశ్రయం లేకపోతేనేం అమ్మడూ, మార్కాపురం పలక ఉందిగా మనకి. లెక్క వెయ్యడానికి అది చాలు.

మనకు దగ్గర్లో ఉన్నది ఓర్వకల్లు. కర్నూలు విమానాశ్రయం అంటారే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, అదే. 2021 మార్చి 28న అక్కణ్ణుంచి బెంగళూరుకు, చెన్నైకి, విశాఖకు విమానాలు మొదలయ్యాయి. విశాఖదే తీసుకుందాం. తిన్నగా గీత గీస్తే సుమారు 580 కిలోమీటర్లు. ఆ గీత నల్లమల దాటుతూ శ్రీశైలానికి దక్షిణంగా, మన యర్రగొండపాలేనికి ఉత్తరంగా పోతుంది. పైలట్ సరిగ్గా గీత మీదే పోడులే. కంట్రోల్ వాళ్ళు చెప్పిన దారి పట్టాలి, కొంత దూరం పెరుగుతుంది.

ఆ రూట్లో వేసింది ఏటీఆర్, రెండు పంకాల చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్లు అనుకో. భాగిస్తే గంటా పది నిమిషాలు. టికెట్టు మీద మాత్రం ఎక్కువే ఉంటుంది.

ఎందుకంటావా? విమానం నిలబెట్టినప్పుడు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెడతారు, దొర్లిపోకుండా. ఆ దిమ్మలు తీసిన నిమిషం నుంచి, అవతల ఊళ్ళో మళ్ళీ పెట్టే నిమిషం దాకా అంతా ప్రయాణమే. రన్‌వే దాకా మెల్లగా నడవాలి. పైకెక్కేటప్పుడు పూర్తి వేగం రాదు. ఐదారు కిలోమీటర్ల ఎత్తు నుంచి మెత్తగా దిగాలంటే వంద కిలోమీటర్ల ముందే, అంటే అన్నవరం చాయల్లోనే, దిగడం మొదలెట్టాలి. పైగా విశాఖలో నేవీ విమానాలూ అక్కడే ఎగురుతాయి, ఒక్కోసారి ఆగాల్సొస్తుంది.

ఇక గాలి. ఎదురుగాలి గంటకు 50 కిలోమీటర్లుంటే 77 నిమిషాలు, అదే వెనక నుంచి తోస్తే 63. రానూ పోనూ కలిపి చూడు, 140. గాలే లేకపోతే 139 పైచిలుకు. పోయేటప్పుడు కలిసొచ్చిందంతా వచ్చేటప్పుడు చెల్లుకు చెల్లు అనుకుంటారు గానీ, కాదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఓ పాలు ఎక్కువ. నాకీ లెక్క భలే ఇష్టం.

భూమి తూర్పుకు తిరుగుతోందిగా, గాల్లో ఊరికే నిలబడితే బెంగళూరే మన కిందికి రాదా అని మొన్న నువ్వడిగావు. రాదు. భూమితోపాటు గాలీ తిరుగుతోంది, అందులో విమానమూ. పరిగెత్తే రైల్లో బలపం పైకెగరేస్తే నీ చేతిలోనే పడుతుంది చూడు, అట్టాగే.

అసలు కష్టం ఓర్వకల్లు చేరడంలో ఉంది. మన గిద్దలూరు నుంచి గాల్లో 90 కిలోమీటర్లు, ఏటీఆర్‌కు పదకొండు నిమిషాల పని. రోడ్డు మీదైతే నల్లమల ఘాట్ మలుపులు తిరిగి, నంద్యాల దాటి, రెండు గంటల పైమాటే. గంటో గంటన్నరో ముందే చేరి కూచోవాలి మళ్ళీ. సంచులూ, పచ్చడి జాడీలూ ఉంటే మీ నాయనమ్మ ఓటు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కే. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఎక్కితే విశాఖలోనే దిగొచ్చు.