లో-ఫై ఫోక్ పాట: జాన్ డార్నీల్ తొలి రచనల పరిశీలన

ఈ పాఠంలో ఒక అమెరికన్ పాటల రచయిత పరిచయమవుతాడు. పేరు జాన్ డార్నీల్. 1967లో పుట్టాడు. రాసేదీ పాడేదీ ఆయనే అయినా రికార్డుల మీద కనిపించే పేరు మాత్రం ‘ద మౌంటెన్ గోట్స్’. బృందం పేరులా ఉన్నా తొలి రోజుల్లో చాలా పాటల్లో వినిపించేది ఒక గొంతు, ఒక గిటారు, వాటితోపాటు ఒక టేప్‌రికార్డర్ రొద. మనకు ముఖ్యం ఆ రొదే. నాసిరకం యంత్రం మీద రికార్డయిన పాట వినగానే ‘ఇతను నిజం చెబుతున్నాడు’ అని మనకు ఎందుకు అనిపిస్తుంది? అలా అనిపించినంత మాత్రాన నమ్మవచ్చా? డార్నీల్ పాటలు ఈ రెండో ప్రశ్నను బలంగా అడుగుతాయి. అందుకే ఆయనను ఎంచుకున్నాను.

రెండు మాటలతో జాగ్రత్త

యూట్యూబ్‌లో ‘తెలుగు లోఫై’ అని వెతికితే సినిమా పాటలు వేగం తగ్గి, గొంతుకు ప్రతిధ్వని చేరి, వెనక వాన చప్పుడుతో వినిపిస్తాయి. చదువుకుంటూ వినడానికి మీలో కొందరు అవి పెట్టుకునే ఉంటారు. అక్కడ శుభ్రంగా రికార్డయిన పాటకు కంప్యూటర్ మీద పాతదనం పూస్తారు. ఈ పాఠంలో లో-ఫై అంటే అది కాదు. 1950ల నుంచి ఇళ్లలోకి వచ్చిన మేలురకం శబ్ద పరికరాలను ‘హై-ఫై’ అనేవారు. అంటే మూలధ్వనికి ఎక్కువ విధేయంగా ఉండేవని. దానికి ఎదురుమాటగా పుట్టింది లో-ఫై. 1980ల నడుమ డబ్ల్యూఎఫ్‌ఎంయూ అనే అమెరికన్ రేడియో కేంద్రం ఇళ్లలో రికార్డు చేసుకున్న పాటల కోసం ఆ పేరుతోనే ఒక కార్యక్రమం నడిపింది. పాత అర్థంలో లో-ఫై అలంకారం కాదు, చేతిలో ఉన్నదానితో కానిచ్చుకోవడం.

రెండో మాట ‘ఫోక్’. దీన్ని జానపదం అని తర్జుమా చేస్తే సగమే సరిపోతుంది. మన జానపద గేయానికి కర్త పేరు ఉండదు. నాట్ల దగ్గరో తిరగలి దగ్గరో పదిమంది నోళ్లలో అరిగి నునుపెక్కిన పాట అది. అమెరికాలో కూడా మూలార్థం అదే. కానీ వుడీ గత్రీ, ఆయన తర్వాత 1960లలో బాబ్ డిలన్ వంటివారి వల్ల అర్థం మారింది. ఒక మనిషి తన మాటలు తానే రాసుకుని, ఒక్క గిటారుతో పాడితే అదీ ఫోక్ అయింది. డార్నీల్ ఈ రెండో అర్థంలోనే ఫోక్ గాయకుడు. పాత అర్థంతో ఆయనకున్న బంధుత్వం తర్వాత చూద్దాం.

క్యాసెట్ ఏం చేస్తుంది

1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్‌లో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపే. అది సెకనుకు సుమారు 4.8 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. స్టూడియోలో వాడే పెద్ద టేపు సాధారణంగా సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెడుతుంది. టేపు మీద ఉండేవి సన్నని అయస్కాంత రేణువులు. వెడల్పు, వేగం తగ్గితే ప్రతి క్షణం శబ్దానికి దొరికే రేణువులు తగ్గుతాయి. అప్పుడు వాటి క్రమం లేని అమరిక ‘స్‌స్‌’ అనే రొదగా బయటపడుతుంది. పై స్థాయి ధ్వనులు మసకబారతాయి.

ఇంకో సంగతి ఉంది. మైకు లోపలే ఉండే చవక రికార్డర్లలో శబ్దం స్థాయిని యంత్రమే సర్దుకుంటుంది. గట్టిగా అరిస్తే అది గొంతును అణిచిపెడుతుంది. పాడేవాడు ఆగితే ‘ఏదీ వినబడటం లేదే’ అనుకుని చెవి రిక్కించినట్టు స్థాయి పెంచుతుంది. ఆ రెండు పాదాల మధ్య నిశ్శబ్దంలో వినిపించేది గది, మోటారు. మోటారుకు పక్కనే మైకు కనుక పళ్లచక్రాలు తిరిగే చప్పుడు కూడా టేపులోకి ఎక్కుతుంది. స్టూడియోలో నిశ్శబ్దం అంటే ఖాళీ. ఇక్కడ నిశ్శబ్దంలోనే యంత్రం ముందుకొస్తుంది. హాస్యానికి దీనితో ఏం పని అంటారా? చమత్కారానికి ముందు వచ్చే విరామం ఎంత ముఖ్యమో హరికథ విన్నవారికి తెలుసు. డార్నీల్ పాటల్లో ఆ విరామాన్ని నింపేది ఈ గరగరే.

ఆసుపత్రి నర్సు, ఒక బూమ్‌బాక్స్

డార్నీల్ కాలిఫోర్నియాలో పెరిగాడు. పాటలు కట్టడం మొదలుపెట్టేనాటికి నార్వాక్ పట్టణంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో నర్సుగా పనిచేస్తున్నాడు. రికార్డు చేసింది పానసానిక్ ఆర్‌ఎక్స్-ఎఫ్‌టీ500 అనే బూమ్‌బాక్స్ మీద. మన ఇళ్లలో ఒకప్పుడు ‘టూ-ఇన్-వన్’ అనేవాళ్లం కదా, ఆ జాతి వస్తువే. తొలి క్యాసెట్ ‘టాబూ సిక్స్: ద హోమ్‌కమింగ్’ 1991లో వచ్చింది. దాన్ని వెలువరించిన ‘ష్రింపర్’ అనేది అదే రాష్ట్రంలో అప్లాండ్ అనే ఊరి నుంచి క్యాసెట్లు తెచ్చిన చిన్న సంస్థ.

ఆయన పద్ధతి సులువైనది, కఠినమైనది కూడా. చాలా పాటలు రాసిన రోజే రికార్డు అయ్యేవి. తిరగరాసి, సాధన చేసి, వారం తర్వాత పాడటం ఉండదు. అందువల్ల ఆ క్యాసెట్లలో పాటతోపాటు ఆ పాట పుట్టిన పూట కూడా ఉంటుంది. మాట తడబడితే తడబాటు, శ్రుతి జారితే జారుడు అలాగే మిగిలిపోతాయి. పరిమితుల్లో పనిచేసినవాడు ఆయన ఒక్కడే కాదు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో డేనియల్ జాన్‌స్టన్ 1980లలో ఇంట్లో చేసిన క్యాసెట్లను చేతికి చేతికి పంచాడు. అప్పటికే పెద్ద పేరున్న బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద చేసిన నమూనాలనే ‘నెబ్రాస్కా’గా విడుదల చేశాడు. తేడా ఉంది. స్ప్రింగ్‌స్టీన్ స్టూడియోను కాదనుకున్నాడు, మొదటి రోజుల డార్నీల్‌కు కాదనుకోవడానికి స్టూడియోనే లేదు.

ఒక్కమాట. ఆ తొలి క్యాసెట్లన్నీ గొప్పవని నేను అనను. కొన్ని వినడానికి ఓపిక కావాలి. అభిమానులు ఒప్పుకోరు గానీ, రాసిన రోజే రికార్డు చేయడమంటే రాసిన రోజే చించేయాల్సినవి కూడా మిగిలిపోవడమే.

పాటలో ‘నేను’ ఎవరు?

ఇక్కడే చాలామంది విద్యార్థులు పొరబడతారు. గరగరమనే రికార్డింగు, ఒంటి గిటారు, వణికే గొంతు ఉంటే అది గాయకుడి డైరీ అని తీర్మానించేస్తారు. కానీ డార్నీల్ తొలి పాటల్లో ‘నేను’ చాలావరకు కల్పిత పాత్ర. సాహిత్య విద్యార్థులుగా మీకు నాటకీయ స్వగతం తెలుసు. కవి పక్కకు తప్పుకుని ఒక పాత్ర చేత మాట్లాడిస్తాడు. ఆ పాత్ర తనను తాను సమర్థించుకుంటూ, తనకు తెలియకుండానే బయటపడిపోతుంది. డార్నీల్ చేసేది అదే.

పాత ఫోక్‌తో బంధుత్వం అన్నది దీన్ని గురించే. అమెరికన్ జానపదంలో హత్యాగాథలనే ఒక పెద్ద పాయ ఉంది. నార్త్ కరోలినాలో 1868లో ఉరితీసిన టామ్ డూలా కథ పాటై, తొంభై ఏళ్ల తర్వాత 1958లో కింగ్‌స్టన్ ట్రయో గొంతులో దేశమంతా మోగింది. ఇలాంటి పాటల్లో కొన్నిచోట్ల హంతకుడే ‘నేను’ అంటాడు. పాడేవాణ్ణి ఎవరూ హంతకుడనుకోలేదు. ఆ ఇంగితాన్ని మనం లో-ఫై పాట దగ్గర మర్చిపోతాం. రొద మనను మోసం చేస్తుంది. ఆ మోసాన్ని డార్నీల్ తెలిసే వాడుకున్నాడని నా అభిప్రాయం. సాక్ష్యంలా వినిపించే శబ్దంలో ఒక అబద్ధాలకోరు పాత్రను కూర్చోబెడితే, వినేవాడు ముందు నమ్మి, తర్వాత ఉలిక్కిపడతాడు.

ఆయన ఏళ్ల తరబడి రాసిన ఒక వరుసే దీనికి ఉదాహరణ. పేర్లు ‘ఆల్ఫా’ అనే మాటతో మొదలయ్యే ఆ పాటల్లో ఒక జంట ఉంటుంది. ఇద్దరూ తాగుతారు, పోట్లాడుకుంటారు, విడిపోరు. ఎవరికి వారు తమ దాంపత్యాన్ని మహాకావ్యంలా వర్ణించుకుంటారు. వినేవారికి కనిపించేది మాత్రం ఖాళీ సీసాలు, ఊడిపోతున్న ఇల్లు.

ఏడవలేక నవ్వు

కరుణానికి హాస్యం విరోధి రసమని మన ఆలంకారికులు చెప్పారు. ఒకే చోట రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయని వారి భయం. అయితే జనం మాట వేరు. ‘ఏడవలేక నవ్వినట్టు’ అని మనం అనేదాంట్లో రెండూ ఒకే ముఖం మీద ఉన్నాయి. చెరసాలలో కూర్చుని, నీ నగలకు ఇంత ఖర్చయిందని రాముడికి లెక్క అప్పజెప్పిన రామదాసు కీర్తన గుర్తు తెచ్చుకోండి. బాధ పరాకాష్ఠలో ఉంది, స్వరం మాత్రం లెక్కలు చూసే గుమాస్తాది. నవ్వు పుట్టేది ఆ ఎడంలోనే. భక్తిని పక్కన పెడితే, డార్నీల్ హాస్యం పనిచేసే తీరు ఇదే. విషయానికీ స్వరానికీ పొంతన ఉండదు.

2002లో వచ్చిన ‘ఆల్ హెయిల్ వెస్ట్ టెక్సస్’ చూద్దాం. ఏడుగురు మనుషుల చుట్టూ అల్లిన 14 పాటలు. అప్పటికి ఆయన అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో ఉంటున్నాడు. రికార్డు చేసింది ఆ పాత పానసానిక్ మీదే. చాలాకాలంగా మూలపడి ఉన్నది మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. చక్రాల గరగర ఇందులో అన్నిటికన్నా స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి పాట టెక్సస్‌లోని డెంటన్ ఊరి ఇద్దరు కుర్రాళ్ల గురించి. డెత్ మెటల్ అనే భీకరమైన సంగీతం వాయించే జట్టు పెట్టాలని వాళ్ల కోరిక. జట్టు పేరే ఇంకా తేలలేదు, కలలు మాత్రం సొంత విమానాల దాకా వెళ్లాయి. ఇక్కడ మనం నవ్వుతాం. పెద్దవాళ్లు భయపడి ఒకణ్ణి దూరంగా క్రమశిక్షణ నేర్పే చోటికి పంపించేస్తారు. నవ్వు ఆగిపోతుంది. పాట చివర సైతానుకు జేజేలు వినిపించేసరికి, మొదట హాస్యంగా అనిపించిన మాటే ఆ పిల్లలకు మిగిలిన ఒకే ఒక్క ఆస్తిగా తోస్తుంది. మానసిక చికిత్సాలయంలో పనిచేసిన మనిషి రాసిన పాట అని తెలిస్తే, ‘బాగుచేయడం’ పేరుతో పిల్లలను దూరం చేయడం మీద అంత కోపం ఎందుకో ఊహించవచ్చు. అయితే అది ఊహే. పాట నిలబడటానికి ఆ సమాచారం అక్కర్లేదు.

స్టూడియోకి వెళ్లాక

అదే 2002 చివరిలో, బ్రిటన్‌కు చెందిన 4ఏడీ సంస్థ కోసం డార్నీల్ ‘టాలహాసీ’ చేశాడు. ఈసారి న్యూయార్క్ రాష్ట్రంలో సిసలైన స్టూడియో, నిర్మాతగా టోనీ డూగన్, పక్కన బేస్ గిటారుతో పీటర్ హ్యూస్. పాత్రలు పాతవే. ఆ ఆల్ఫా దంపతులు ఫ్లోరిడాలో ఒక పాడుబడ్డ ఇంట్లో దిగుతారు. రొద పోయింది. మరి పాట మిగిలిందా?

మిగిలింది. ఈ పాఠంలో నా వాదనకు ఆధారం ఇదే. ‘నో చిల్డ్రన్’ అనే పాటలో ఒక జీవిత భాగస్వామి వరుసగా కోరికలు కోరుతుంటాడు. కలపాలని చూసే స్నేహితులు విసిగిపోవాలి, పరిస్థితి ఇంకా చెడాలి, ఇద్దరమూ కలిసే మునిగిపోవాలి. ఒక్కొక్కటీ శాపనార్థం, కానీ వరుస మాత్రం విందులో అందరూ గొంతు కలిపి పాడుకోదగినది. పెళ్లి ప్రమాణాలను తిరగేసి చదివినట్టుంటుంది. బూమ్‌బాక్స్‌లో గరగర చేసిన పనిని ఇక్కడ ఆ హుషారైన వరుస చేసింది. స్వరానికీ విషయానికీ మధ్య ఎడం అలాగే ఉంది. 2021లో ఈ పాట టిక్‌టాక్‌లో ఉన్నట్టుండి ప్రచారమైంది. అప్పటికి పందొమ్మిదేళ్ల పాట. విన్న చాలామందికి క్యాసెట్ల చరిత్ర తెలిసే అవకాశం లేదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

కనుక లో-ఫై డార్నీల్‌కు ఆరంభానికి దొరికిన అవకాశం. దాన్నే ఆయన కవిత్వమనుకుంటే, 2002 తర్వాతి రచన అంతా అర్థం కాకుండా పోతుంది. 2005 నాటి ‘ద సన్‌సెట్ ట్రీ’లో ఆయన మొదటిసారి తన సొంత బాల్యాన్ని, సవతి తండ్రి చేతిలో పడిన హింసను నేరుగా పాడాడు. విచిత్రం చూడండి: డైరీలా వినిపించిన క్యాసెట్లలో ఎక్కువగా ఉన్నవి కల్పిత పాత్రలు, శుభ్రమైన స్టూడియో శబ్దంలో వచ్చినది స్వీయచరిత్ర. శబ్దాన్ని బట్టి నిజాయితీని కొలిచేవారు రెండుచోట్లా తప్పుతారు. తర్వాత ఆయన నవలలు కూడా రాశాడు. 2014లో వచ్చిన ‘వుల్ఫ్ ఇన్ వైట్ వ్యాన్’ వాటిలో మొదటిది.

మీరు చేయవలసిన పని

మీకు నచ్చిన ఒక విషాద గీతాన్ని, భాష ఏదైనా సరే, ఎంచుకోండి. ముందు మాటలు మాత్రమే కాగితం మీద రాసుకుని చదవండి. ‘నేను’ అంటున్నది ఎవరు, ఎవరితో, ఏ సంగతి దాస్తూ మాట్లాడుతున్నారో ఒక పేరాలో రాయండి. తర్వాత పాట విని, ఆ పేరాలో ఏ మాట మార్చాల్సి వచ్చిందో గుర్తించండి. ఆ మార్పుకు కారణం గొంతా, వరుసా, రికార్డింగా అన్నది మీ సమాధానంలో ఉండాలి.

వీలైతే ఆ పాటను మీరే ఫోన్లో పాడి రికార్డు చేసి చూడండి. చాలా ఫోన్లు వెనకటి చప్పుడును వాటంతట అవే తుడిచేస్తాయి. ఫ్యాను మోత, పక్కింటి టీవీ, మీరు ఊపిరి తీసుకున్న శబ్దం, వీటిలో ఏది మిగిలిందో ఏది పోయిందో కూడా రాసుకోండి.