మిర్రరింగ్ ఉంటే సరిపోదు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా మెట్రో కింద రోడ్డుకు ఇరువైపులా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్లు, బట్టల షోరూములు. విద్యార్థి ఫీజు బకాయి మొదలు రక్తపరీక్ష రిపోర్టు దాకా అన్నీ ఇప్పుడు డేటాబేస్‌లోనే ఉంటున్నాయి. రెండు సర్వర్లు కొని మిర్రరింగ్ పెట్టిస్తే ఇక ఢోకా లేదని చాలామంది యజమానులు నమ్ముతారు. ఆ నమ్మకం సగమే నిజం, మిగతా సగం ప్రమాదకరం.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మిర్రరింగ్ 2005 వెర్షన్‌తో వచ్చింది. అసలు సర్వర్‌లో జరిగే ప్రతి మార్పూ లాగ్ రూపంలో రెండో సర్వర్‌కు వెళ్లి అక్కడా అమలవుతుంది. అసలు సర్వర్ డిస్కు కాలిపోతే రెండో సర్వర్ పని అందుకుంటుంది. ఫైలు పాడైన సందర్భంలోనూ దీని మేలు చిన్నది కాదు. డేటా ఫైలు 8 కేబీ పేజీలుగా ఉంటుంది. ప్రతి పేజీ మీదా రాసేటప్పుడు ఒక చెక్‌సమ్ పడుతుంది, చదివేటప్పుడు లెక్క కుదరకపోతే 824 ఎర్రర్ వస్తుంది. 2008 వెర్షన్ నుంచి అలాంటి పేజీని రెండో సర్వర్‌లోని మంచి కాపీతో సర్వర్ తనే బాగుచేసుకుంటుంది. అయితే ఫైలు హెడర్ వంటి కీలక పేజీలు పాడైతే ఈ సదుపాయం పనిచేయదు. పైగా ఎవరూ తెరవని పాత పేజీ చెడిపోయినా నెలల తరబడి బయటపడదు. అందుకే చెక్‌డీబీ కమాండ్‌తో వారానికోసారైనా మొత్తం డేటాబేస్‌ను తనిఖీ చేయాలి. తప్పు దొరికాక కంగారుపడి రిపేర్ కమాండ్ కొడితే, బాగుపడని పేజీలను అది పారేస్తుంది. డేటాబేస్ తెరుచుకుంటుంది గానీ, అందులో ఎవరి రసీదులు మాయమయ్యాయో వెతుక్కోవాలి. నా దృష్టిలో అది అన్ని దారులూ మూసుకుపోయాక పట్టాల్సిన దారి.

ఇక మనిషి చేసే పొరపాటు. ఒక బ్యాచ్ ఫీజు రికార్డులన్నీ ఎవరో డిలీట్ చేశారనుకోండి. సర్వర్ లెక్కలో అదీ ఒక మార్పే, క్షణాల్లో రెండో సర్వర్‌లోనూ అవి ఉండవు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో రెండో సర్వర్‌ను సరిచేయబోయిన ఇంజినీరు అసలు సర్వర్‌లోని డేటానే చెరిపేశాడు. రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు ఎప్పుడో ఆగిపోయాయి. ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు ఈ-హాస్పిటల్ డేటా తిరిగి దొరికింది, దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచే.

అందుకే మిర్రరింగ్ ఉన్నా బ్యాకప్ విడిగా తీసి దాచాలి. చిన్న సంస్థకు ఇంత ఖర్చెందుకు అంటారు. కావలసింది ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు, కాస్త క్రమశిక్షణ. క్లౌడ్‌లో పెట్టాం కదా అంటారు. అక్కడైనా మీరు డిలీట్ చేయమంటే డిలీటే చేస్తుంది, పాత కాపీలు ఎన్ని రోజులు ఉంచుతుందో అడిగి తెలుసుకోవాలి. కాపీ అదే భవనంలో ఉంటే చాలదా అనీ అడగవచ్చు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు ఎలా మునిగాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. గ్రౌండ్‌ఫ్లోర్‌లో పక్కపక్కన పెట్టిన రెండు సర్వర్లూ ఒకేసారి తడుస్తాయి.

సంస్థ నడిపేవారు ఈ నెలలోనే ఒక పని చేయించండి. నిన్నటి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేయించి, నిన్న కొట్టిన ఆఖరి రసీదు అందులో ఉందో లేదో మీ కళ్లతో చూడండి.