అరకిలో మాంసం... ఏడుగురు జనం!

1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు విందు ఆరగించే దృశ్యం మరిచిపోయిన తెలుగువాడు ఎవడైనా వున్నాడా? వుండడు! ఎస్.వి. రంగారావుగారు పళ్లేలు ఒక్కొక్కటే ఖాళీ చేస్తూంటే హాల్లో కూర్చున్న మనకి నోరూరుతుంది. గారెలు, బూరెలు, అరిసెలు... అన్నీ వున్నాయి. మాంసం ముక్క మాత్రం మచ్చుకైనా లేదు! పోనీ, అదలా వుంచండి. సినిమాలో భోజనమంటే ఎప్పుడూ వడ్డించిన విస్తరే. పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు మండించుకున్న మనిషి మనకు కనబడదు.

కానీ బ్రదర్, సినిమా తీసే వూళ్లో ఆకలి మాత్రం నిజంగానే వేస్తుంది. బాగా వేస్తుంది!

ఇది 2016 సంక్రాంతి ముందు మాట. అప్పుడు నేను పత్రికలకు సినిమా సంగతులు రాసుకుంటూ హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక గదిలో వుండేవాణ్ణి. గదిలో ఏడుగురం. నేను తప్ప తక్కిన ఆరుగురూ తెరమీద కనబడాలని వచ్చినవాళ్లే. వాళ్లలో ఒకడు మా ప్రాంతం వాడు. నాది నంద్యాల, అతనిది ఆళ్లగడ్డ.

ఆ వూరి పేరే మావాడికి చిక్కు తెచ్చిపెట్టింది. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన ఆట మీకు తెలుసు. ఆ తర్వాత సీమ కథ అంటే వేటకొడవళ్లు, టాటా సుమోలు! ఎక్కడికెళ్లినా "మీదేవూరు తమ్ముడూ?" అనేవారు. "ఆళ్లగడ్డ" అనగానే "అయితే కొడవలి పట్టుకుని వెనకాల నుంచో" అనేవారు. గుంపులో నాలుగో వరసలో కొడవలి పట్టడమే మనవాడి నటజీవితం. ఇంట్లో ఏనాడూ కోడిని కూడా కోసి ఎరగడు పాపం!

పని వున్న రోజున షూటింగులో భోజనం దొరికేది. లేని రోజున రెండు ఇడ్లీలు, నాలుగు టీలు. రాత్రి తొమ్మిదికి మాత్రం ఆళ్లగడ్డ నుంచి ఫోను తప్పేది కాదు.

"తిన్న్యావా నాయనా?"

"తిన్నా మా. మటనే తిన్నా!"

ఈ డైలాగు రోజూ ఒక్క టేకులో ఓకే అయ్యేది. గదిలో మేమంతా తలలు దించుకునేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే షూటింగుకని బయల్దేరి, బస్‌స్టాపులోనే కళ్లు తిరిగి పడిపోయాడు. డాక్టరుగారు నాడి చూసి, కనురెప్ప లాగి చూసి, "నీకు జబ్బేమీ లేదయ్యా, అన్నం తిను" అన్నారు. మర్నాడే అతన్ని కడప బస్సెక్కించి నేనూ కూడా బయల్దేరాను.

నంద్యాల మజిలీ

దారిలో నంద్యాలలో మా ఇంట్లో దిగాం. మా పక్కింటి బూబమ్మ భర్త పెళ్లిళ్లకు వంట చేసే మనిషి. ఆమె మావాడి వాలకం చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏం బేటా, ఈ పిల్లోడు ఇట్లా ఎండిపోయినాడేంది?" అంటూ లోపలికెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ రోజు ఆమె చేసింది దాల్చా.

సీమలో ముస్లిముల పెళ్లికి వెళ్లినవాళ్లకు దాల్చా సంగతి చెప్పనక్కర్లేదు. మంచి ముక్కలన్నీ బిర్యానీలోకి పోతాయి. మిగిలిన ఎముకలు, కొవ్వు, నల్లీలు శనగపప్పుతో కలిసి డేక్సాలో పడతాయి. సొరకాయ, చింతపండు తోడవుతాయి. తీరా విస్తరి ముందు కూర్చున్నాక జనం రెండోసారి అడిగేది బిర్యానీ కాదు, దాల్చానే! పెద్ద హీరో సినిమాలో కమెడియన్ చప్పట్లు కొట్టేసినట్టన్నమాట.

నేను పక్కన కూర్చుని నోట్‌బుక్కులో రాసుకుంటూంటే ఆమె నవ్వింది. "రాసుకుంటే రాదు బేటా. ఒక్కటి గుర్తు పెట్టుకో. చింతపండు ముందేస్తివా, పప్పు అలిగి కూర్చుంటది. ఎంత మంట పెట్టినా మెత్తబడదు."

ఇది వట్టి ముసలమ్మ మాట కాదండోయ్! పులుపు తగిలితే పప్పు గింజలోని కట్టు సడలదు. ఉప్పునీళ్ల బోరు వున్న ఇళ్లలో పప్పు వుడకకపోవడానికి కూడా ఇలాంటి కారణమే. ఆ నీళ్లలో వుండే సున్నం గింజను బిగదీస్తుంది. అందుకే మంచినీళ్లలో వండాలి, పులుపు చివర్న పొయ్యాలి. ఎముకల సంగతి ఇంకొకటి. ఎముకను అంటుకున్న నరాలు, జిగురు సన్నటి మంటమీద కరిగి పులుసులోకి దిగుతాయి. ఆ చిక్కదనం, పెదవులు అంటుకునే ఆ జిగి అక్కణ్ణుంచి వచ్చిందే. మెత్తటి ముక్క కోసం డబ్బు పోసినా అది రాదు.

ఆళ్లగడ్డలో అసలు పాఠం

మర్నాడు ఆళ్లగడ్డ. రోడ్డు వారన రాతిని విగ్రహంగా మలుస్తున్న శిల్పుల వులి చప్పుళ్లు. వూరు దాటితే నల్లరేగడిలో శనగ పైరు. ఈ నేలకీ శనగకీ చుట్టరికం గట్టిది. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి ఎన్నో శనగ రకాలు వచ్చాయి. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే 'ధీర' వాటిలో ఒకటి. పేరు చూడండి, హీరో టైటిల్లా లేదూ!

మావాడి తల్లి కొడుకును చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి విన్న మటన్ అంతా ఆ ఎముకలమీద ఎక్కడా కనబడలేదని ఆమెకు చూడగానే అర్థమైపోయింది.

"యాడికీ పోవాకండి, గమ్మున కూర్చోండి" అని మాత్రం అంది.

రాత్రే నానబోసిన నల్లశనగలు వున్నాయి. తెప్పించింది అరకిలో ఎముకల మాంసం. ఇంట్లో ఆ పూట తినేవాళ్లం ఎనిమిదిమందిమి! నాకు లోపల లెక్క కుదరలేదు. ఆమె మాంసాన్ని వుల్లిపాయల్లో వేయించింది. నీళ్లు ఇగిరాక కారం, ధనియాల పొడి వేసింది. శనగలు గుప్పెళ్లతో పోసింది. నిండా నీళ్లు పెట్టి మూతేసి జొన్నరొట్టెలు తట్టుకుంటూ కూర్చుంది. కుండ ఒక్కటే, పొయ్యి ఒక్కటే. రెండు గంటల తర్వాత ఏ శనగ గింజ కొరికినా మాంసం రుచే!

"పెద్దమ్మా, ఎనిమిదిమందికీ ఎట్లా సరిపోయింది?" అన్నాను.

"మాంసం రుచికి నాయనా, శనిగలు కడుపుకు. మాంసంతోనే కడుపు నింపుకోవాలంటే మనతో అయితాదా? వీడు ఒక్కడే తినాలని చూసినాడు, అందుకే పస్తున్నాడు. మీరు ఏడుగురు కల్సి వండుకుంటే ఎవురూ పస్తుండరు."

నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. నిజమే! గదిలో ఏడుగురం ఏడు టీకొట్లలో ఏడు అప్పులు పెట్టుకున్నాం గానీ, ఒక్కనాడైనా ఒక్క గిన్నె పొయ్యిమీద పెట్టామా?

ఆళ్లగడ్డ నియోజకవర్గంలోనే ఉయ్యాలవాడ వుంది. 2019లో 'సైరా నరసింహారెడ్డి' వచ్చాక ఆ పేరు తెలియనివారు లేరు. ఆ వూరికే చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి గంజి కాచి పోయించి ప్రాణాలు నిలిపాడు. తెరమీద సీమ అంటే కొడవలి అనుకునేవాళ్లు ఈ గంజి కుండను కూడా తలుచుకోవాలి.

కాస్త లోకం చుట్టి వస్తే ఈ వంటకు అన్ని దేశాల్లోనూ అన్నదమ్ములు కనిపిస్తారు. ఇరాన్‌లో గొర్రె మాంసం, శనగలు ఒకే పాత్రలో వుడికించి 'ఆబ్‌గోష్త్' అంటారు. పులుసులో రొట్టె నానబెట్టి తిని, అడుగున మిగిలింది మెదిపి తింటారు. బ్రెజిల్‌లో నల్ల చిక్కుడుగింజలు, పంది మాంసంతో 'ఫెజ్వాడా'. ఫ్రాన్సు దక్షిణాన తెల్ల చిక్కుడుగింజలతో 'కాసులే'. భాషలు వేరు, లెక్క ఒక్కటే. మాంసం కొంచెం, గింజలు దండిగా, తినేవాళ్లు ఎక్కువ.

మీ గదిలో మీరే వండండి!

ఐదు లీటర్ల కుక్కరు చాలు. కావలసినవి: ఎముకలతో వున్న మాంసం అరకిలో, రాత్రంతా నానిన నల్లశనగలు రెండు గ్లాసులు (నానకముందు ఒక గ్లాసు), వుల్లిపాయలు మూడు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, పసుపు, కారం, ధనియాల పొడి, లవంగాలు నాలుగు, చెక్క ఒక ముక్క, సొరకాయ ముక్కలు ఒక గిన్నెడు, నిమ్మకాయంత చింతపండు, కరివేపాకు.

నూనెలో చెక్క, లవంగాలు, వుల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, పసుపు, మాంసం వేసి నీళ్లు ఇగిరేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడ్డారో, కూర నీచు వాసన కొడుతుంది. కారం, ధనియాల పొడి, ఉప్పు, శనగలు వేసి, వాటిమీద మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి మూత పెట్టండి. కుక్కరు సగానికి పైన నిండకూడదు. ఒక కూత వచ్చాక మంట తగ్గించి అరగంట వుంచండి. ఆవిరి దానంతటది దిగాకే మూత తియ్యాలి. శనగ వేళ్ల మధ్య నలిగితే సరి. నలగకపోతే ఇంకో పది నిమిషాలు. అప్పుడు సొరకాయ, చింతపండు పులుసు, కరివేపాకు వేసి మూత లేకుండా పావుగంట మరిగించండి. శనగపప్పుతో చేస్తే దాల్చా అవుతుంది. పప్పు గంట నానితే చాలు, మాంసం వుడికాక వేసి మూడు కూతలు రానివ్వండి.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం మేం వండింది మాడింది. రెండో ఆదివారం ఉప్పెక్కువైంది. మూడోవారం ఏడుగురం కుక్కరు చుట్టూ కూర్చున్నాం. ఎవరి వంతు ఎంతని ఎవరూ లెక్క చూడలేదు. తొమ్మిదింటికి ఫోను మోగింది.

"తిన్న్యావా నాయనా?"

మావాడు మా అందరి మొహాలూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"తిన్నా మా. శనిగలు ఎక్కువ, మటన్ తక్కువ."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినబడింది. ఇన్నాళ్ల మటన్ కబుర్లకు ఆమె ఒక్కసారీ అలా నవ్వలేదు.